సరిపోలని సంతకం

డాష్‌బోర్డు మీద పచ్చ అంకెలు మూడు ఇరవై రెండు అంటున్నాయి, కౌంటీ ఆఫీసులో కిటికీ నాలుగున్నరకి మూసేస్తారు, మధ్యలో నలభై ఒక్క మైళ్ల రోడ్డు, రోడ్డు నిండా పొగమంచు, పక్కన స్టీరింగు పట్టుకుని మా అమ్మాయి మార్లా. లెక్క వేస్తే సమయం సరిపోతుంది. సరిపోతుందనే నా భయం. పావుగంట ముందు నేను వంటింట్లో కూర్చుని గోడ గడియారం వంక చూస్తూ ఇంకొక్క గంట గడిస్తే చాలు, ఇంకొక్క గంట ఎవరూ రాకపోతే చాలు అనుకుంటూ ఉండగా వాకిట్లో పికప్ ఆగిన చప్పుడైంది, తలుపు కొట్టకుండానే లోపలికి వచ్చింది, కోటు కూడా విప్పలేదు, నాన్నా నీకు ఎన్నికల ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చిందా అని అడిగింది. వచ్చిందన్నాను. ఎప్పుడు అంది. పన్నెండు రోజులైంది. నాకెందుకు చెప్పలేదు అంది, నేను జవాబు వెతుక్కుంటూ ఉండగానే తనే జవాబు కూడా చెప్పేసుకుంది, పక్షవాతం వచ్చినప్పటి నుంచి నాన్న అన్నీ మరిచిపోతున్నాడని. చేతికర్ర అందించింది, టోపీ పెట్టింది, చిన్నపిల్లాడికి వేసినట్టు కోటు గుండీలు వేసింది. నేను మరిచిపోలేదు. ఆ ఉత్తరాన్ని పాత ట్రాక్టరు పుస్తకంలో పేజీల మధ్య పెట్టి, ఆ పుస్తకాన్ని షెడ్డులో పెట్టి వచ్చాను. మరిచిపోయే మనిషి అంత శ్రమ పడడు. కానీ కూతురు నా బుర్ర మీద జాలిపడుతుంటే ఆ జాలి వెనకాల దాక్కోవడం ఎంత సుఖంగా ఉందో చెప్పలేను, ఏప్రిల్ నుంచి నాకు దొరికిన ఒకే ఒక్క సౌకర్యం అది.

ఉత్తరంలో ఉన్నది రెండు వాక్యాలే. మీ బ్యాలెట్ కవరు మీద సంతకం మా దగ్గరున్న సంతకంతో సరిపోలడం లేదు. ఫలానా తేదీ సాయంత్రం నాలుగున్నరలోగా మీరే స్వయంగా వచ్చిగానీ, ఈ ఫారం నింపి పంపిగానీ సరిచేసుకోని పక్షంలో మీ ఓటు లెక్కలోకి రాదు. లెక్కలోకి రాదు అన్న ముక్క చదివినప్పుడు నా ఒంట్లోంచి ఒక బరువు దిగిపోయింది, దిగిపోయినందుకు సిగ్గేసింది, సిగ్గేసినా ఉత్తరం మాత్రం షెడ్డులోకే వెళ్లింది. శాసనసభ సీటుకి నిలబడిన మార్లా అప్పటికింకా నూట పదిహేను ఓట్లు వెనకబడి ఉంది. ఈ ప్రాంతంలో ఓట్లన్నీ తపాలాలోనే పడతాయి, ఎన్నిక రోజు అయిపోయాక కూడా కవర్లు వస్తూనే ఉంటాయి, రోజుకి కొన్ని తెరుస్తారు, రోజుకొక అంకె. వంద అయింది, అరవై రెండయింది, పదిహేడయింది. రోజూ సాయంత్రం ఫోన్ చేసి అంకె చెప్పేది. నిన్న ఫోన్ చేసినప్పుడు ముందు ఊపిరి మాత్రమే వినిపించింది, తర్వాత, ఇరవై ఒక్క వేల మూడు వందల ఆరు నాన్నా, ఇద్దరికీ అదే అంది. మా నియోజకవర్గంలో నాలుగు కౌంటీలు. మూడు కౌంటీలు లెక్క ముగించేశాయి. మా కౌంటీలో సంతకం తేడా వచ్చిన కవర్లు మూడు మిగిలాయట. ఒకటి నౌకాదళంలో ఉన్న కుర్రవాడిది, నిన్ననే సరిచేసి లెక్కలో కలిపేశారు. ఒకటి ఒక ముసలావిడది, ఎవరూ జాడ చెప్పలేకపోయారు, ఇల్లు మారి పక్క రాష్ట్రానికి వెళ్లి ఇక రానని ఫోన్లో చెప్పిందని ఇవాళ ఉదయం తేలింది. మూడోది ఎవరిదని మార్లా ఆఫీసులో జాబితా అడిగి చూస్తే తండ్రి పేరు. అడిగినవాళ్లందరికీ ఆ జాబితా ఇస్తారు, దాపరికం ఏమీ లేదు. మార్లా మీద పోటీ చేసిన ఎస్ట్రాడా మనుషులు కూడా నాకు రెండుసార్లు ఫోన్ చేశారు, నేను ఎత్తలేదు, మార్లా తండ్రి గనక మూడోసారి వాళ్లే మానేశారు.

ఒక్క కవరు. నా కవరునే రాత్రంతా నమిలాను, ఇప్పుడూ నములుతున్నాను. ఓటు రహస్యం అంటారు. నలభై రెండు వేల కవర్లలో ఒకటైతే రహస్యమే, కలిసిపోతుంది, వానలో చినుకు ఎవరిదో ఎవరు చెప్పగలరు. కానీ మిగిలినవన్నీ లెక్కపెట్టేసి, రెండు వైపులా సమానంగా ఉంచి, నా ఒక్కడి కవరు బల్ల మీద పెట్టి తెరిస్తే రేపు ఉదయం పదింటికి ఈ నాలుగు కౌంటీల్లో ప్రతివాడికీ తెలుస్తుంది ఎల్డన్ క్రౌస్ ఎవరికి వేశాడో. పెట్రోలు బంకులో తెలుస్తుంది. చర్చిలో వెనక వరసలో తెలుస్తుంది. మార్లా నవ్వుముఖంతో ఆ బల్ల దగ్గరే నిలబడి ఉంటుంది, పక్కన ఆమె భర్త కర్ట్, ఆ పక్కన స్థానిక పత్రికవాళ్లు. తండ్రి ఓటుతో గెలిచిన కూతురని ఫొటో తియ్యడానికి సిద్ధంగా ఉంటారు. ఆ కాగితం మీద నల్లగా నింపిన గడి ఆమె పేరు పక్కన లేదు. ఎస్ట్రాడా పేరు పక్కన ఉంది. నింపింది నేను. కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని, గడి దాటిపోకుండా ఊపిరి బిగబట్టి, పావుగంట పట్టింది.

హీటర్ ఎక్కువ పెట్టనా అని అడిగింది. వద్దన్నాను. ఇప్పుడు నా మాటలు ఆలస్యంగా వస్తాయి, ముందు నాలుక సిద్ధపడాలి, తర్వాత పెదవి, వద్దు అన్న చిన్నమాటకే ఒక విద్యుత్తు స్తంభం దాటిపోయింది. మార్లాకి అలవాటైంది, అడిగి ఊరుకుంటుంది, నేను మాట కూడగట్టుకునేదాకా ఆగుతుంది. మంచి పిల్ల. అదే కదా బాధ. చెడ్డ కూతురికి వ్యతిరేకంగా వెయ్యడం ఎంత తేలిక. ఆస్పత్రిలో పదకొండు రాత్రులు కుర్చీలో పడుకున్న పిల్ల ఇది, వాళ్లమ్మ వెర్నా పోయాక ఆదివారం ఒక్కటీ తప్పకుండా వచ్చి నా వంటగది కడిగిన పిల్ల. అదిగో ముందర ఎర్రదీపాలు, ఉల్లిగడ్డల లారీ, మెల్లగా పోతోంది, మంచులో దాన్ని దాటడం కుదరదు. దేవుడా అది ఇలాగే పోనీ, ఊరిదాకా మా ముందే పోనీ. గంటకి ముప్పై మైళ్లు. అంకెలు మూడు ముప్పై ఒకటి. ఇలాగే పోతే మిగిలిన మైళ్లకి, నేను మనసులో భాగించడం మొదలుపెట్టాను, భాగించడం ఇంకా వస్తోంది, డాక్టరు కూడా మెచ్చుకున్నాడు, అంతలో లారీ కుడివైపు దీపం వేసి పక్క దారిలోకి తిరిగిపోయింది. మార్లా వేగం పెంచింది. నా గుండె కూడా దాంతోపాటే.

గుండె అనుకోగానే ఒక ఆలోచన వచ్చింది. ఛాతీలో నొప్పి అని ఒక్కమాట అంటే చాలు. ఆస్పత్రి ఇటు దగ్గర, కౌంటీ ఆఫీసు అటు దూరం. ఒక్క క్షణం కూడా ఆలోచించదు, బండి తిప్పేస్తుంది, సీటు గురించి, ఐదు నెలలు తిరిగిన ఊళ్ల గురించి, తట్టిన తలుపుల గురించి తలచుకోను కూడా తలచుకోదు. నాలుగున్నర దాటిపోతుంది. చీటీలు వేసి తేలుస్తారు, సమానంగా వస్తే ఇక్కడ చట్టం అదే, తను గెలవచ్చు కూడా. నా చెయ్యి నిజంగానే ఛాతీ దాకా వెళ్లింది. కోటు గుండీ తగిలింది, ఇందాక తను వేసిన గుండీ. చెయ్యి దించేశాను. ఇంత వయసు వచ్చి కూతుర్ని ఆ భయంతో ఆడించే మనిషినయ్యానా. ఇంకో దారి ఉంది, ఆఫీసులో ఫారం మీద కావాలని పిచ్చిగీత గియ్యడం. ఇంకోటి, పెన్ను పట్టుకోలేనని చెప్పడం. దారులన్నీ దొంగదారులే, అన్నీ ఒకదాని పక్కన ఒకటి కనిపిస్తున్నాయి, అసలు దారి మాత్రం నా నోట్లో ఉంది, నాలుక దాన్ని కదిలించలేకపోతోంది.

మంచులో నీటి చక్రాలు కనిపిస్తున్నాయి, గుండ్రంగా తిరుగుతూ పొలం తడిపే పావుమైలు పొడవున్న ఇనుప చేతులు, చలికాలం గనక ఆగి ఉన్నాయి. వీటి కిందే మా బతుకంతా. బంగాళాదుంపలు, ఉల్లి, మొక్కజొన్న, ఎడారిలాంటి నేలలో ఆకుపచ్చ వలయాలు. అన్నీ బోరు నీళ్లే. మా నాన్న కాలంలో మూడువందల అడుగుల్లో నీళ్లు. నా కాలంలో పంతొమ్మిది వందలు. ఇప్పుడు మార్లా, కర్ట్ పొలంలో రెండువేల మూడు వందల అడుగులు, వచ్చే నీళ్లు చేతికి వేడిగా తగులుతాయి, అంత లోతులోంచి వస్తాయి గనక, ప్రతి ఏడూ మోటారుని ఇంకాస్త కిందికి దించాల్సిందే. ఈసారి ఓటు కాగితంలో రాష్ట్రమంతటికీ ఒక ప్రతిపాదన పెట్టారు, కొత్తగా లోతు బోర్లు వెయ్యకూడదని, ఉన్నవాటిని అన్నిటికంటే లోతైనవాటితో మొదలుపెట్టి పదేళ్లలో మూసెయ్యాలని. నగరాలున్న పడమటి వైపు జనం దాన్ని గెలిపించేశారు. కానీ ఎలా మూస్తారు, ఎవరివి ముందు, ఎవరికి మినహాయింపు అనేవి శాసనసభ తేల్చాలి, జూన్‌లో మా పాత సభ్యుడు చనిపోయాక ఆ ఒక్క సీటు ఖాళీగా ఉంది, సభలో రెండు పక్షాలూ సమానంగా ఉన్నాయి. అందుకే ఈ ఉప ఎన్నిక, అందుకే మార్లా. కాలువ వచ్చేదాకా మా బోర్ల జోలికి రాకండి అన్నది ఆమె మాట. యాభై ఏళ్లుగా కాలువ ఇస్తామంటున్నారు, ఇవ్వలేదు, ఇవ్వకుండా బోర్లు మూస్తే నలభై కుటుంబాలు ఏం తిని బతకాలి అని సభల్లో అడిగేది. అందులో అబద్ధం ఏమీ లేదు. ఎస్ట్రాడా హైస్కూల్లో సైన్సు చెబుతాడు, వాళ్ల నాన్న ఉల్లి కోతకి వచ్చి ఇక్కడే ఉండిపోయిన మనిషి. అతను సభల్లో పెద్దగా మాట్లాడడు. ఊళ్లో మంచినీళ్ల బోర్లు ఏటా ఎన్ని అడుగులు దిగుతున్నాయో ఒక అట్టమీద రాసి చూపించేవాడు. నేను వెనక కూర్చుని ఆ అట్ట చూశాను. మార్లా చప్పట్లు కొట్టించుకున్న సభ అది. నేనూ కొట్టాను, ఎడమచేత్తో తొడ మీద.

ఆ అట్ట చూసినప్పటి నుంచి లీలాండ్ మోహర్ నిద్రలోకి వస్తున్నాడు. రావడమంటే ఏమీ అనడు, గేటు దగ్గర నిలబడతాడు. మా పక్క పొలం వాళ్లది. వాళ్ల ఇంటి బోరు మూడువందల పది అడుగులు, వాళ్ల తాత వేసింది, ఎనభై ఏళ్లు ఒక్కరోజు ఆగలేదని చెప్పుకునేవాడు. డెబ్బై తొమ్మిదిలో నేను మా గట్టుకి ఇవతల పెద్ద బోరు వేశాను. వేసిన మేస్త్రీ నన్ను పక్కకి పిలిచి చెప్పాడు, పై పొరలో మంచి నీళ్లున్నాయి, అంతవరకూ గొట్టం దించి చుట్టూ సిమెంటుతో మూసెయ్యాలి, లేకపోతే పై నీళ్లన్నీ ఈ బోరు గుండా కిందికి జారిపోతాయి, చుట్టుపక్కల వాళ్ల చిన్న బోర్లు ఎండిపోతాయి అని. ఎన్ని రోజులు పడుతుందన్నాను. తొమ్మిది రోజులు, ఇంకో పొలం పని ముందు చూసుకుని రావాలి గనక పన్నెండు. విత్తనం దుంపలు కోసి పెట్టి ఉన్నాయి, పన్నెండు రోజులు ఆగితే కుళ్లిపోతాయి. తర్వాత చూద్దాంలే అన్నాను. ఆ తర్వాత అనేది మళ్లీ రాలేదు. మోటారు ఆపిన సాయంత్రాల్లో బోరు మూతకి చెవి ఆనిస్తే లోపల నీళ్లు పడుతున్న చప్పుడు వినిపించేది, ఎక్కడో పైనుంచి, ఆగకుండా. మార్లాకి తొమ్మిదేళ్లప్పుడు, నాతోపాటు వచ్చి తనూ చెవి ఆనించింది. నాన్నా లోపల వాన పడుతోంది అంది. అవునమ్మా అన్నాను. అది మోహర్ వాళ్ల నీళ్లని నాకు తెలుసు. జూలైలో వాళ్ల కొళాయిలో ఇసుక వచ్చింది, ఆగస్టులో గాలి వచ్చింది. ఆయన భార్య అడెల్ పాల క్యాన్లు తెచ్చి మా ఇంటి నుంచి నీళ్లు పట్టుకెళ్లేది, వెర్నా వాటితోపాటు రొట్టెలు పెట్టి పంపేది, వాళ్లు థ్యాంక్స్ చెప్పేవాళ్లు, మాకు. ఎందుకు ఎండిందో తెలియడం లేదు ఎల్డన్, కరువు కూడా లేదే అని లీలాండ్ నన్నే అడిగాడు, గేటు మీద చేతులు పెట్టుకుని. ఏమో అన్నాను. అక్టోబరులో పొలం వదిలేసి వెళ్లిపోయారు. ఆ పొలం మేమే తీసుకున్నాం. ఇప్పుడు మార్లా, కర్ట్ ఇల్లు ఉన్నది అక్కడే.

ఏప్రిల్లో షెడ్డులో కింద పడిపోయి, అరవలేక, కుడి పక్కంతా నాది కాకుండా పోయి, కర్ట్ వచ్చి చూసేదాకా రెండు గంటలు సిమెంటు మీద పడి ఉన్నప్పుడు, చచ్చిపోతానని కాదు నా భయం, ఇది ఎవరికీ చెప్పకుండా పోతానని. తర్వాత బతికాను, మాట కొంచెం వచ్చింది, చెప్పలేదు. ఓటు కాగితం వచ్చింది. చెప్పడం చేతకానివాడికి గడి నింపడం ఒక దారి అనుకున్నాను. ఎవరికీ తెలియదు, నాకూ దేవుడికీ తప్ప. ప్రతిపాదనకి అవునని, సీటుకి ఎస్ట్రాడా అని. కవరు అంటించి, వెనక సంతకం పెట్టబోతే అరవై ఏళ్లుగా పెట్టిన సంతకం చేతికి రాలేదు. ఏదో గీత వచ్చింది, కోడి గీకినట్టు. పర్వాలేదు, నా చెయ్యే కదా అనుకుని డబ్బాలో వేసేశాను. ఆ గీతే ఇప్పుడు నన్ను ఈ రోడ్డు మీద కూర్చోబెట్టింది. మూడు నలభై ఎనిమిది. మార్లా ఏదో చెబుతోంది, రేపు గెలిస్తే రాజధాని ఒలింపియాలో చిన్న గది చూసుకోవాలట, వారానికి నాలుగు రోజులు అక్కడ, సోమవారం వెళ్లి గురువారం వస్తుందట, ఆ రోజుల్లో కర్ట్ నాకు మందులు ఇస్తాడట, అతనికి అన్నీ కాగితం మీద రాసి పెట్టిందట. ఏ రంగు మాత్ర ఎప్పుడో కూడా రాసిందట. అక్కడితో ఇక నా వల్ల కాలేదు.

"మార్లా, ఆ ఓటు నీది కాదు" అన్నాను. మాట ముద్దగా వచ్చింది. సరిగా వినపడలేదో, నేను మళ్లీ పదాలు తారుమారు చేస్తున్నాననుకుందో, ఓపిగ్గా, "నాది కాదు నాన్నా, నీదే. నీ ఓటే. నువ్వు సంతకం పెట్టాలంతే" అంది. నేను తల అడ్డంగా ఊపాను. నాలుకని కూడగట్టుకున్నాను, ఒక స్తంభం, రెండు స్తంభాలు, మూడు, తను ఆగింది, అలవాటు ప్రకారం ఆగింది. "నేను ఎస్ట్రాడాకి వేశాను" అన్నాను. ఈసారి ప్రతి అక్షరం స్పష్టంగా వచ్చింది. వారం రోజుల్లో అంత స్పష్టంగా నేనొక్క మాట కూడా అనలేదు.

బండి వెంటనే ఆగలేదు. అదే వేగంతో అరమైలు పోయింది, తను రోడ్డు వైపే చూస్తోంది, రెప్ప వెయ్యలేదు. తర్వాత మూతపడిన గోధుమ గోదాము ముందున్న కంకర నేల మీదకి మెల్లగా తిప్పి ఆపింది. ఇంజను ఆపలేదు. వైపర్లు అటూ ఇటూ తిరుగుతున్నాయి. మూడు యాభై ఒకటి. ఎందుకు అని అడిగింది, గొంతులో కోపం లేదు, అసలు ఏమీ లేదు. నేను చెప్పాను. ఎంతసేపు చెప్పానో, ఎంత వంకరగా చెప్పానో, బోరు, గొట్టం, పన్నెండు రోజులు, దుంపలు, లీలాండ్, గేటు, అన్నీ వెనకా ముందూ అయ్యాయి, కొన్ని మాటలు దొరక్క చేత్తో చూపించాను. లోపల పడింది వాన కాదని చెప్పాను. తను అడ్డు రాలేదు. అంతా అయ్యాక స్టీరింగు మధ్యలో ఉన్న బొమ్మ వంక చూసింది.

"జోలీన్" అంది. నాకు మొదట అర్థం కాలేదు. మోహర్ వాళ్ల అమ్మాయి జోలీన్, దీని క్లాసే, బస్సులో దీని పక్క సీటే. "ఒకరోజు బడికి రాలేదు. తర్వాత రోజూ రాలేదు. నాకు చెప్పకుండా వెళ్లిపోయిందని శీతాకాలమంతా ఏడ్చాను. నువ్వు నా మంచం పక్కన కూర్చునేవాడివి నాన్నా. కొందరు స్నేహితులు అంతేనమ్మా అని చెప్పావు నాకు."

చెప్పాను. గుర్తుంది. ఆ మాట నేను మరిచిపోయి ఉంటే బాగుండునని ఆ క్షణంలో అనిపించింది, పక్షవాతం ఎన్నో తీసుకుపోయింది, దాన్ని మాత్రం వదిలేసింది. తను తలుపు తీసుకుని దిగింది. మంచులోకి నాలుగడుగులు వేసింది, గోదాము గోడ దాకా వెళ్లింది, వీపు మాత్రమే కనిపిస్తోంది, ఎర్ర కోటు, భుజాలు కదలడం లేదు. ఏడుస్తున్నట్టు లేదు. తెరిచి ఉన్న తలుపులోంచి చలి వచ్చి నా మోకాళ్ల మీద కూర్చుంది. వెళ్లిపోతుందేమో, కర్ట్‌ని పిలుస్తుందేమో, తిరిగి రాకుండా ఇలాగే నడుచుకుంటూ పోతుందేమో, నేను బండి నడపలేను, దిగలేను, ఇక్కడే చీకటిపడుతుందేమో. అన్నిటికంటే ఎక్కువగా, తిరిగి వచ్చి నవ్వుతుందేమోనని భయపడ్డాను, పర్వాలేదు నాన్నా అంటుందేమోనని. తిరిగి వచ్చింది. అనలేదు. కూర్చుని తలుపు వేసుకుంది. చెంపలు చలికి ఎర్రబడ్డాయి. అప్పుడు నేను ఇంటికి తిప్పెయ్యి అన్నాను. నేను సంతకం పెట్టను, ఎవరికీ తెలియదు, చీటీ వేస్తారు, నీకు రావచ్చు అన్నాను. ఆ మాట నేను నిజంగా ఇవ్వాలనుకునే ఇచ్చాను. కానీ ఇస్తున్నప్పుడే అది ఎంత చవకైనదో నాకు తెలిసింది.

"ఇన్నాళ్లూ నువ్వు దాచింది చాలు" అంది. "ఇప్పుడు నన్ను కూడా దాచమంటావా?"

మూడు యాభై తొమ్మిదికి బండి మళ్లీ రోడ్డెక్కింది. వెనక్కి కాదు, ఊరి వైపే. ఇంక ఇరవై మైళ్లు. ఈసారి హీటర్ సంగతి అడగలేదు. ఇందాకటి కంటే వేగంగా నడుపుతోంది, మంచు కాస్త పల్చబడింది, నాకు ఇప్పుడు భయం తిరగబడింది, సమయం చాలదేమోనని. నాలుగు పది. నాలుగు పదిహేను. రైలు గేటు పడితే ఏమిటి, ఆఫీసు గడియారం రెండు నిమిషాలు ముందుంటే ఏమిటి. ఇప్పటిదాకా ఆగిపోవాలని ప్రార్థించిన నోటితోనే ఆగకూడదని ప్రార్థిస్తున్నాను, వినేవాడికి నా మీద విసుగు పుట్టి ఉంటుంది. ఆమె ముఖం వైపు చూడాలని ఉంది, చూడలేకపోతున్నాను, కిటికీ అద్దంలో కనపడే నీడని చూశాను. దవడ బిగిసి ఉంది. అది వాళ్లమ్మ దవడ కాదు, నాదే. గుండెలో ఒక మూల, ఇది నన్ను దారిలో దింపేసినా న్యాయమే అనుకున్నాను. ఇంకో మూల, ఐదు నెలల శ్రమని ఈ పిల్ల గంటకి అరవై మైళ్ల వేగంతో తీసుకెళ్లి పారబోస్తోందని, పారబోయిస్తున్నది నేనని.

నాలుగు ఇరవై రెండుకి ఆఫీసు ముందు ఆపింది. నా వైపు తలుపు తీసింది, చంకకింద చెయ్యి వేసి దింపింది, పట్టు గట్టిగా ఉంది, కానీ అందులో మెత్తదనం లేదు. మెట్లు తొమ్మిది. ఒక్కొక్క మెట్టుకి రెండు పాదాలు. లోపల గుమ్మడికాయలు, కాగితం టర్కీ కోడి బొమ్మలు తగిలించి ఉన్నాయి, గురువారం థ్యాంక్స్‌గివింగ్ పండగ గదా. కిటికీ వెనక డోరీన్ ఉంది, ముప్పై ఏళ్లుగా ఎన్నికలు చూస్తున్న మనిషి. మమ్మల్ని చూడగానే ఆమె ముఖం వికసించింది, వెంటనే ఆ ముఖాన్ని ఆఫీసు ముఖంగా మార్చుకుంది, కానీ నేను చూసేశాను. తండ్రిని తెచ్చిన కూతురు, ఇక లెక్క తేలిపోయిందని ఆమె అనుకుంటోంది. ఫారం ముందు పెట్టింది. పాత సంతకంలా రావాలా అని అడిగాను. అక్కర్లేదు క్రౌస్ గారూ, ఇప్పుడు మీ చేతికి ఎలా వస్తే అలా పెట్టండి, ఇకనుంచి అదే మీ సంతకంగా ఉంచుతాం అంది. మీ బదులు మాత్రం ఎవరూ పెట్టకూడదు అంది.

పెన్ను వేళ్ల మధ్య ఇరికించుకున్నాను. మొదటి అక్షరం మొదలుపెట్టగానే కాగితం జారింది. నున్నటి రాతి బల్ల. ఎడమచేత్తో పట్టుకుందామంటే ఆ చెయ్యి కర్ర మీద ఉంది, తీస్తే నేను పడిపోతాను. మళ్లీ పెట్టాను. మళ్లీ జారింది. డోరీన్ తల పైనున్న గడియారంలో నాలుగు ఇరవై ఆరు. చెమట పట్టింది, పెన్ను తిరిగిపోతోంది, వెనక ఎవరో దగ్గారు. మార్లా నా పక్కన అరగజం దూరంలో, చేతులు కోటు జేబుల్లో పెట్టుకుని నిలబడి ఉంది. ఇంకో నాలుగు నిమిషాలు అలాగే నిలబడితే చాలు. తప్పు ఎవరిదీ కాదు. ముసలాడి చెయ్యి, నున్నటి బల్ల. నేను అడగలేదు. అడిగే హక్కు నాకు లేదు. ఆమె గడియారం వంక చూసింది, తర్వాత నా చేతి వంక.

"నేను కాగితం పట్టుకోవచ్చా?" అని డోరీన్‌ని అడిగింది.

కాగితం పట్టుకోవచ్చు, పెన్ను ముట్టుకోకూడదు అంది డోరీన్, నవ్వుతూ. మార్లా జేబులోంచి చెయ్యి తీసింది. అరచెయ్యి పూర్తిగా పరిచి ఫారం మీద పెట్టి నొక్కింది, వేళ్ల కొసలు తెల్లబడేదాకా. గోళ్ల చుట్టూ మట్టి గీతలు, దుంపలు పండించేవాళ్లకి ఎంత కడిగినా పోని గీతలు. ఆ చేతికి అంగుళం దూరంలో నా పెన్ను నడిచింది. ఎ. ల్. అక్కడ ఆగాను, వణుకు తగ్గేదాకా. ఆమె చెయ్యి కదలలేదు. క్రౌస్ అన్నది చివరికి కొండ దిగిన దారిలా వంగిపోయింది, కానీ అయింది. డోరీన్ ముద్ర కొట్టి పక్కన సమయం రాసింది, నాలుగు ఇరవై ఎనిమిది. ఆల్ ది బెస్ట్ మార్లా అంది. థ్యాంక్స్ అంది మార్లా.

మర్నాడు ఉదయం పది దాటాక కవరు తెరిచారు. ఒక్క ఓటు తేడాతో మా అమ్మాయి ఓడిపోయింది, తర్వాత రెండుసార్లు తిరిగి లెక్కపెట్టినా ఆ ఒక్కటి అలాగే ఉంది. నేను వెళ్లలేదు. కర్ట్ వెళ్లాడు, అతనే చెప్పాడు, ముక్తసరిగా, నా మందులు బల్ల మీద పెడుతూ, నా కళ్లలోకి చూడకుండా. అక్కడున్న పత్రికా విలేకరి ఒకతను, పాపం కొత్తవాడు, మీ నాన్నగారు ఇలా చేస్తారని మీకు ముందే తెలుసా అని అడిగాడట. తెలుసు అందట మార్లా. మరి ఆయన్ని ఆఫీసు దాకా ఎవరు తీసుకొచ్చారని అడిగాడట.

"నేనే" అందట.